వ్యానిటీ: కొలతకు చేయించే వాష్‌బేసిన్ కప్‌బోర్డు

వాష్‌బేసిన్‌ను మోసే బండ, దాని కింద సామాన్లు పెట్టుకునే కప్‌బోర్డు, పైన ఒక అద్దం: ఈ మొత్తాన్ని కలిపి ఇంటీరియర్ పనివాళ్లు వ్యానిటీ అంటారు. షోరూముల్లో ఇది తయారు సరుకుగా దొరుకుతుంది. గది కొలత తీసుకుని వడ్రంగితోనో, మాడ్యులర్ ఫ్యాక్టరీలోనో చేయించుకుంటే అది కస్టమ్ వ్యానిటీ. పాత ఇంటిని బాగు చేయించేటప్పుడు బాత్‌రూమ్‌కి సంబంధించి టైల్స్ తర్వాత ఇంట్లో ఎక్కువ చర్చ జరిగేది దీని మీదే. తెలుగు ఇళ్లలో దీని చోటు బాత్‌రూమ్ ఒక్కటే కాదు. భోజనాల గది చివర చేతులు కడుక్కునే మూలన కట్టించేవీ చాలా ఉన్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లోని ఇళ్ల గురించి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఎదురయ్యే తేడాలు విడిగా ఒకచోట ఉన్నాయి.

పుట్టుక

కుళాయి నీళ్లు ఇంట్లోకి రాకముందు యూరప్‌లోని కలిగినవారి పడకగదిలో ఒక చిన్న బల్ల, దాని మీద పింగాణీ బేసిన్, పక్కన నీళ్ల జగ్గు ఉండేవి. 18వ శతాబ్దంలో లండన్ వడ్రంగి థామస్ చిప్పెండేల్ ప్రచురించిన ఫర్నిచర్ నమూనాల పుస్తకంలో అలాంటి బేసిన్ స్టాండ్ల బొమ్మలున్నాయి. పైపుల్లో నీళ్లు, మురుగు గొట్టాలు వచ్చాక బల్ల పోయి బేసిన్ గోడకెక్కింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా శివార్లలో ఇళ్లు వేలకొద్దీ లేచినప్పుడు బేసిన్, సామాన్ల అర, అలంకరణ బల్ల మళ్లీ ఒక్కటయ్యాయి. తడికి తట్టుకునే చవక పలక దొరకడంతోనే అది సాధ్యమైంది. 1912–13 ప్రాంతంలో అక్కడే పుట్టిన ఫార్మైకా ఆ కోవలోది. 1960లలో డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన కోరియన్ ఆ తర్వాత వచ్చింది. మన ఊళ్లలో ఏ కంపెనీ లామినేట్‌నైనా సన్‌మైకా అనేస్తారు. అదీ అలా పేరుబడ్డ ఒక బ్రాండే.

తెలుగు ఇంట్లో ముఖం కడుక్కోవడమంటే పెరట్లో గాబు దగ్గరో, బావిగట్టు దగ్గరో. అద్దం వసారాలో మేకుకు వేలాడేది. తర్వాత గోడకు బిగించిన తెల్ల బేసిన్, దాని కింద బయటికి కనిపించే వేస్ట్ పైపు వచ్చాయి. అపార్ట్‌మెంట్‌లో పెరడు లేదు కనుక ఫినాయిల్ సీసా, సబ్బుల పెట్టె, చీపుర్లు ఎక్కడో ఒకచోట దాక్కోవాలి. బేసిన్ కింద ఖాళీగా ఉన్న జాగాకు తలుపులు వచ్చింది ఆ అవసరం కొద్దీనే.

తడి బాత్‌రూమ్

వ్యానిటీ పుట్టిన దేశాల్లో బాత్‌రూమ్ నేల పొడిగా ఉంటుంది. స్నానం టబ్బులోనో, గాజు తలుపు వెనకో జరుగుతుంది. చాలా ఇళ్లలో నేల మీద నీళ్లు పోవడానికి జాలీ కూడా ఉండదు. మన దగ్గర బకెట్టు, మగ్గు, కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్, వారానికోసారి నేలంతా నీళ్లు కొట్టి చీపురుతో తోయడం. ఈ తేడాను పక్కనపెట్టి విదేశీ కేటలాగ్ బొమ్మ చూపించి అలాగే కావాలంటే, మొదటి వానాకాలానికే కప్‌బోర్డు పెట్టె అడుగు ఉబ్బుతుంది.

కాబట్టి ఇక్కడ చేయించే వ్యానిటీ గోడకు వేలాడాలి, నేలకూ దానికీ మధ్య 10–12 అంగుళాల ఖాళీ ఉండాలి. అప్పుడు చీపురు కిందికి పోతుంది, కొట్టిన నీళ్లు పలకకు తగలవు, బొద్దింకలకు చీకటి మూల దొరకదు. భోజనాల గదిలో పెట్టేదానికి ఈ పట్టింపు అక్కర్లేదు. అక్కడ నేలదాకా దించినా నష్టం లేదు.

స్నానం చేసే చోటికీ బేసిన్‌కీ మధ్య నిలువు గాజు పలక పెట్టించే ఖర్చును వ్యానిటీ ఖాతాలోనే వేసుకోవడం న్యాయం. చిందే నీళ్లను ఆపేది ఏదీ లేని గదిలో ఎంత మంచి ప్లైవుడ్ అయినా త్వరగా అలిసిపోతుంది. అయితే గది చిన్నదైతే గాజుకే చోటుండదు. స్నానం, కమోడ్ కలిసి ఉన్న గదికి జాతీయ భవన నియమావళి పెట్టిన కనీస వైశాల్యం 2.8 చదరపు మీటర్లు, అంటే దాదాపు 30 చదరపు అడుగులు. నాలుగడుగుల వెడల్పున్న అలాంటి గదిలో 22 అంగుళాల లోతున్న బండ వేస్తే, మనిషి మసలడానికి మిగిలేది రెండడుగులే. అక్కడ 16–18 అంగుళాల లోతు చాలు. రెడీమేడ్ సరుకు కాదని చేయించుకోవడానికి ఇలాంటి ఇరుకు గదులే అసలు కారణం. విశాలమైన గది ఉండి, పైపులు సరైన చోట ఉంటే, తయారు సరుకులో మంచిది ఏరుకున్నా తప్పులేదు.

పెట్టె

షోరూమ్‌లో కళ్లు షటర్ (కప్‌బోర్డు తలుపు) రంగు మీదికే పోతాయి. కానీ వ్యానిటీ ఆయుష్షు లోపలి పెట్టెలో ఉంది. షటర్ పాడైతే ఒక పూటలో కొత్తది బిగించవచ్చు. పెట్టె ఉబ్బితే బేసిన్, బండ, పైపులు అన్నీ విప్పాలి.

ప్లైవుడ్ అంటే పలుచని చెక్క పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చిమార్చి జిగురుతో అతికించిన పలక. అది తడికి నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఆ జిగురును బట్టే ఉంటుంది. ఎమ్మార్ రకంలో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. అది గాలిలోని తేమను ఓర్చుకుంటుంది, నీళ్లను కాదు. మంచాలకు, బట్టల బీరువాలకు చాలు, బాత్‌రూమ్‌కి చాలదు. ఇక్కడికి కావలసింది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసిన మెరైన్ ప్లై, భారత ప్రమాణం ఐఎస్ 710 ప్రకారం చేసినది. ఈ ప్రమాణం కింద జరిపే పరీక్షల్లో పలక ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పొరలు విడిపోతున్నాయా అని చూస్తారు.

షాపతను నోటితో ‘బీడబ్ల్యూపీ’ (మరిగే నీళ్లకూ నిలిచేది) అనడం వేరు, పలక మీద ఐఎస్ 710 సంఖ్య, ఐఎస్‌ఐ గుర్తు, లైసెన్సు నంబరు అచ్చు పడి ఉండడం వేరు. పలకలు సైట్‌లో దిగగానే, కోత మొదలుకాకముందే ఆ ముద్రను ఫోటో తీసి పెట్టుకోవాలి. లామినేట్ అంటించాక ఏ పలక ఏదో పైకి తెలియదు. నాలుగడుగుల వ్యానిటీకి 8×4 అడుగుల పలకలు ఒకటి నుంచి రెండు దాకా పడతాయి, అంతే. ఇంత కొద్ది సరుకులో రకం తగ్గించి మిగిల్చేది ఎంతని? వంటింటి అరల దగ్గర చేయాల్సిన బేరం ఇక్కడ చేయడం దండగ.

మంచి పలక కొన్నాక కూడా పని చెడేది కోసిన అంచుల దగ్గర. కనిపించే వైపు లామినేట్, పట్టీ అంటిస్తారు. గోడవైపు అంచు, పెట్టె అడుగు, పైపు దూరడానికి తొలిచిన రంధ్రం పచ్చిగా వదిలేస్తారు. నీళ్లు దూరేది సరిగ్గా అక్కడే. ప్రతి అంచుకూ పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ వేయించాలి. అది కుదరని చోట తడి దూరని పూత రెండుసార్లు పూయించి, పైపు రంధ్రం చుట్టూ సిలికాన్ నింపించాలి. వడ్రంగి ‘అది కనిపించదు కదండీ’ అంటాడు. కనిపించదు కాబట్టే దగ్గరుండి చేయించాలి.

ప్లైవుడ్‌కి బదులు పీవీసీ ఫోమ్ బోర్డు, డబ్ల్యూపీసీ పలకలు ఇప్పుడు బాగా వాడుతున్నారు. అవి ఉబ్బవు, చెదలు ముట్టవు. స్క్రూను పట్టి ఉంచే బలం మాత్రం ప్లైవుడ్ కంటే తక్కువ. తలుపు పదేపదే తీసి వేస్తుంటే కబ్జా దగ్గర స్క్రూ వదులవుతుంది, పొడుగాటి అర మధ్యలో కుంగుతుంది. ఒకే మందంలో తేలిక పలకలూ బరువు పలకలూ అమ్ముతారు. చేత్తో ఎత్తి చూసి బరువున్నదే తీసుకోవాలి. బకెట్ స్నానం జరిగే గదిలో, మూడడుగుల లోపు వ్యానిటీకి ఈ పలకే నయం. అంతకు మించిన వెడల్పైతే మెరైన్ ప్లై. పార్టికల్ బోర్డు, మామూలు ఎండీఎఫ్ మాత్రం తడి గదిలోకి రానివ్వకూడదు. పార్టికల్ బోర్డు అంచుకు తడి తగిలితే బిస్కెట్ చాయ్ పీల్చినట్టు పీలుస్తుంది, ఆ తర్వాత పాత రూపానికి రాదు. తేమకు ఓర్చుకునేలా దట్టంగా చేసిన హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పలక షటర్లకు, ముఖ్యంగా పీయూ పెయింట్ వేయించాలనుకుంటే, బాగుంటుంది.

బల్లార్షా టేకుతో చేయిద్దామనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. టేకులో సహజంగానే నూనె ఉండడం వల్ల తడికి, చెదలకు బాగా నిలుస్తుంది. ఖర్చు భరించగలిగితే షటర్ ఫ్రేములకు వాడుకోవచ్చు. పెట్టె మొత్తానికి అక్కర్లేదు.

కబ్జాలు, ఛానళ్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, 304 రకం అడగాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పూత వేసిన మామూలు ఇనుప కబ్జాకు తుప్పు తొందరగా పడుతుంది.

పైన వేసే బండ

ఈ విషయంలో మనకు కొరత లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా వెళ్తుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. కరీంనగర్ ప్రాంతపు టాన్ బ్రౌన్‌కూ అలాంటి పేరే ఉంది. గ్రానైట్ గట్టిది, మరకను అంత సులువుగా పట్టదు. ఇంటికి వాడే ఆమ్లాలకు చలించదు.

తాండూరు బండ, బేతంచెర్ల బండ, కడప బండ వేరే జాతి. అవి సున్నపురాయి. చవక, చూడ్డానికి హుందాగా ఉంటాయి, వంటింట్లో అరలకు తరాలుగా వాడుతున్నాం. కానీ టాయిలెట్ శుభ్రం చేసే ద్రవాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది పడిన చోట సున్నపురాయి నురుగొచ్చి మెరుపు పోతుంది. పాలరాయి సంగతీ అంతే. నిమ్మరసం చాలు మచ్చ పడడానికి. పనిమనిషి ఏ సీసా వాడుతుందో మీ అదుపులో లేకపోతే పాలరాయి జోలికి పోకండి.

నల్ల గ్రానైట్‌కూ ఒక ఇబ్బంది ఉంది. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. మన బోరునీళ్లు చాలాచోట్ల కఠినమైనవే. చుక్క ఆరిన ప్రతిచోటా తెల్లటి ఉప్పు మచ్చ మిగులుతుంది. నలుపు మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బోరునీళ్ల ఇంటికి బూడిదరంగు, గోధుమరంగు, చుక్కలచుక్కల రాళ్లు మేలు.

క్వార్ట్జ్ పలకల్లో రాతిపొడికి రెసిన్ కలిపి నొక్కుతారు. రంగు ఒకేలా వస్తుంది, మరక పట్టదు. కోరియన్ జాతి పలకలో అక్రిలిక్, ఖనిజపు పొడి ఉంటాయి. దాంతో బేసిన్, బండ అతుకు లేకుండా ఒకటే ముక్కలా చేయవచ్చు. గీత పడితే రుద్ది పోగొట్టవచ్చు. వేడిగా ఉన్న వస్తువు పెడితే మాత్రం పాడవుతుంది.

బేసిన్ బండ కింద బిగిస్తే చుట్టూ మురికి పట్టదు, పైనుంచి తుడిచిన నీళ్లు లోపలికి జారిపోతాయి. అలా చేయించేటప్పుడు రంధ్రానికీ బండ ముందు అంచుకూ మధ్య కనీసం మూడంగుళాల రాయి మిగలాలి, లేకపోతే మోతలోనే విరుగుతుంది. బండ మీద గిన్నెలా కూర్చునే టేబుల్‌టాప్ బేసిన్ ఫోటోలో అందంగా ఉంటుంది. దాని వెనక సందు తుడవడం ఎంత కష్టమో తుడిచేవారికే తెలుసు. దానికి పొడుగు కుళాయి కావాలి, బండను అయిదారు అంగుళాలు కిందికి దించాలి. ఈ రెండో సంగతి మరిచిపోయిన ఇళ్లలో పిల్లలు స్టూలెక్కి ముఖం కడుక్కుంటున్నారు.

ఎత్తు

వాడేవారి మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాల కింద బేసిన్ అంచు ఉంటే నడుము మరీ వంచాల్సిన పని ఉండదు, నీళ్లు మోచేతి మీదుగా చొక్కా చేతిలోకి కారవు. అయిదడుగుల మనిషికి అది 31–33 అంగుళాల దగ్గర, అయిదున్నర అడుగుల మనిషికి 35 దగ్గర వస్తుంది. ఇద్దరూ వాడే చోట 32–33 అంగుళాలతో రాజీపడడం మంచిది. కొలిచేది బేసిన్ అంచు దాకా, బండ దాకా కాదు. చక్రాల కుర్చీలో ఉండే పెద్దవారుంటే కింద కప్‌బోర్డు మానేసి మోకాళ్లకు చోటు వదలాలి. అమెరికా వైకల్య చట్టం కింద వచ్చిన నిబంధనలు అంచు ఎత్తు 34 అంగుళాలు మించకూడదని, కింద 27 అంగుళాల ఖాళీ ఉండాలని చెబుతాయి. ఆ అంకెలు మన ఇళ్లకూ పనికొస్తాయి.

గోడ, పైపు, కరెంటు

18 మిల్లీమీటర్ల మందమున్న గ్రానైట్ చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు తూగుతుంది. నాలుగడుగుల పొడవు, 21 అంగుళాల లోతు బండ 30 కిలోలు దాటుతుంది. పెట్టె, బేసిన్, లోపలి సామాన్లు కలిపితే గోడ మోసేది చిన్న బరువు కాదు. ఎర్ర ఇటుక గోడ దీన్ని మోయగలదు. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తేలిక ఇటుకల్లో మామూలు ఫాస్టెనర్ పట్టు నిలవదు, వాటికోసమే చేసిన యాంకర్లు కావాలి. మైవాన్ అనే అచ్చుల పద్ధతిలో పోసిన కాంక్రీటు గోడలకు బలం సమస్య లేదు. కాకపోతే పైపు జరపడానికి ఆ గోడను చెక్కకూడదు, అది భవనం బరువు మోసే గోడ. అక్కడ పైపు ఎక్కడుంటే బేసిన్ అక్కడే.

పాత ఇళ్లలో బేసిన్ వేస్ట్ పైపు నేలలోని నహానీ ట్రాప్‌లోకి దిగుతుంది. వేలాడే వ్యానిటీ కింద ఆ గొట్టం బయటికి కనిపిస్తుంది. టైల్స్ తీసిన రోజునే దాన్ని గోడలోకి మళ్లించాలి, తర్వాత ఆ అవకాశం రాదు. డ్రాయర్లు కావాలంటే పైడ్రాయర్‌ను బేసిన్ కింది బాటిల్ ట్రాప్ చుట్టూ తిరిగేలా యూ ఆకారంలో కోయించాలి. నీళ్లు కట్టేసే యాంగిల్ కాక్‌ల దగ్గరికి చెయ్యి దూరేంత చోటు తప్పనిసరి. రాత్రిపూట కనెక్షన్ పైపు ఊడితే వెతుక్కునేది వాటినే.

వాస్తు చెప్పేవారు అద్దం ఉత్తరం గోడకో, తూర్పు గోడకో ఉండాలంటారు. ఫ్లాట్‌లో అద్దం స్థానాన్ని పైపు ఎప్పుడో నిర్ణయించేసింది. మార్చాలనుకుంటే ఆ ఖర్చెంతో ముందే అడిగి తెలుసుకోండి. అద్దం అతికించడానికి న్యూట్రల్ సిలికానే వాడాలి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దం వెనక వెండిపూతను తినేస్తుంది, పాలరాయినీ పాడుచేస్తుంది. దీపం నెత్తి మీద కాకుండా అద్దానికి రెండు పక్కలా ఉంటే ముఖం మీద నీడ పడదు. బేసిన్ దగ్గర ప్లగ్ పెట్టిస్తే ఆ లైనుకు కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి.

చేయించడం

కొలత టైల్స్ వేశాకే తీయాలి. పాత టైల్ మీద కొత్త టైల్ అంటించినా గోడకు దాదాపు అర అంగుళం మందం పెరుగుతుంది, రెండు పక్కలా కలిపి అంగుళం. ముందే కొలిచి చేసిన పెట్టె ఆ అంగుళం దగ్గర ఆగిపోతుంది. పాత గోడలు నిలువుగానూ ఉండవు, మూలలు సరిగ్గా మూలమట్టానికీ రావు. అందుకే బండకు అట్టముక్కతో నమూనా కోసి గ్రానైట్ షాపుకు పంపే మేస్త్రి మంచి మేస్త్రి.

వడ్రంగులు ముందుభాగం పొడవు, ఎత్తు హెచ్చవేసి చదరపు అడుగుకింత అని కడతారు. ఆ రేటులో ఏం కలిసిందో కాగితం మీద రాయించుకోవాలి: ప్లైవుడ్ ప్రమాణ సంఖ్య, బయటి లామినేట్ మందం ఒక మిల్లీమీటరా కాదా, కబ్జా రకం, డ్రాయర్లెన్ని. గ్రానైట్, బేసిన్, కుళాయి సాధారణంగా వేరే లెక్క. ఫ్యాక్టరీలో చేయిస్తే అంచులు యంత్రం మీద వేడితో అతుకుతాయి కనుక సీలింగ్ బాగా వస్తుంది. సైట్‌లో చేసే వడ్రంగి వంకర గోడకు పెట్టెను సర్దగలడు. గోడలు చక్కగా ఉన్న కొత్త ఫ్లాట్‌కి ఫ్యాక్టరీ, పాత ఇంటికి వడ్రంగి అన్నది నా తీర్పు.

అమెరికాలో తెలుగు ఇళ్లు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు బాగు చేయించేవారికి పరిస్థితి తలకిందులు. అక్కడ తయారు వ్యానిటీలు 24, 30, 36, 48, 60, 72 అంగుళాల వెడల్పుల్లో, 21 అంగుళాల లోతు చుట్టుపక్కల దొరుకుతాయి. రెండు బేసిన్లు కావాలంటే 60 అంగుళాలకు తగ్గకపోతే మేలు. గోడ జిప్సం బోర్డు కాబట్టి వేలాడే వ్యానిటీకి లోపలి చెక్క నిలువుల మధ్య అడ్డుచెక్కలు ముందుగా బిగించాలి. ఆ నిలువులు సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. బేసిన్ ముందు ఖాళీ కనీసం 21 అంగుళాలు ఉండాలన్నది అక్కడి నివాస గృహాల కోడ్.

‘కంఫర్ట్ హైట్’ పేరుతో అమ్మే 36 అంగుళాల వ్యానిటీ ఎవరి సౌకర్యానికో చూసుకోవాలి. ఏడాదిలో ఆరు నెలలు అక్కడికి వచ్చి ఉండే అయిదడుగుల అమ్మమ్మకు అది మోచేతి దాకా వస్తుంది. గెస్ట్ బాత్‌రూమ్‌లో పాత 32 అంగుళాల ఎత్తే ఉంచితే ఆమెకు సుఖం.

బండ ఆనే చోటు

చాలా ఇళ్లలో గ్రానైట్‌ను నేరుగా చెక్కపెట్టె మీద పరిచి అతికిస్తారు. పెట్టె పదేళ్లకో పదిహేనేళ్లకో మార్చాల్సి వస్తుంది, రాయికి ఏమీ కాదు. పెట్టె తీయాలంటే రాయిని లేపాలి, లేపితే బేసిన్ రంధ్రం దగ్గర విరుగుతుంది, గోడ టైల్స్ ఊడతాయి. బండను గోడలోకి దింపిన స్టెయిన్‌లెస్ స్టీల్ ఎల్-బ్రాకెట్ల మీద ఆనించి, పెట్టెను దాని కింద విడిగా బిగిస్తే, నాలుగు స్క్రూలు తీసి పెట్టెను బయటికి లాగవచ్చు. అదనపు ఖర్చు రెండు మూడు బ్రాకెట్లదే. కొటేషన్‌లో ఈ ఒక్క మాట రాయించకుండా అడ్వాన్సు ఇవ్వకండి.